అమ్మవారి కుడి భుజం

చామంతి పువ్వు ఎంత బరువుంటుందో నన్ను అడగండి. నలభై ఏళ్ళు చిక్కబళ్ళాపురంలో పూలు కట్టి బతికినవాణ్ణి. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అలాంటి ఒక్క పువ్వును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ముఖం తెలిసినవాళ్ళ ముందు నేను నిజం చెప్పలేను, అది నా తత్వం. ముఖం కనపడితే చాలు, వాళ్ళను నవ్వించాలనో బెదిరించాలనో నోరు దురదపెడుతుంది. గంటకు నూరు మూరలు కడతానని బజారంతా చెప్పుకున్నాను. ముప్పై కట్టిన రోజు లేదు. బాగేపల్లి కొండదారిలో చిరుతపులి నా పూలగంప వాసన చూసి పక్కకు తప్పుకుందని చెప్పాను. అది కుక్క. అది తప్పుకోలేదు కూడా, నేనే తప్పుకున్నాను. ఇక్కడ కూడా ఎక్కడో ఒకచోట పెంచుతానేమో. పెంచితే నేనే వెనక్కి వచ్చి దించుతాను. అంతవరకు ఓపిక పట్టండి.

మా సందులో నా ఇంటికి ఎదురుగా నారాయణప్ప ఇల్లుంది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే శాలెలో చదువు మానేసినవాళ్ళం. అతను చింతామణిలో అంగడి పెట్టుకుని మకాం అక్కడికే మార్చి, ఈ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మొదటి బేరానికి వచ్చినాయన టీ అంగడిలో నా పక్కన కూర్చుని, ఎదురింట్లోనే ఉంటారు కదా, ఇల్లు ఎట్లాంటిదని అడిగాడు. మంచి ఇల్లు. నాలుగు గోడలూ గట్టివి, బావిలో నీళ్ళు తియ్యన. అంత చెబితే సరిపోయేది. కానీ చుట్టూ ఐదారుగురు టీ గ్లాసులు పట్టుకుని నా నోటివైపే చూస్తున్నారు.

మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి వెనకగదిలో ఒక పిల్లవాడు నీళ్ళు అడుగుతాడని చెప్పాను. మూడేళ్ళుంటాయని చెప్పాను. తలుపు తీస్తే ఎవరూ ఉండరని, నేల మీద చిన్న చిన్న తడి పాదాలు మాత్రం ఉంటాయని చెప్పాను. చెబుతుంటే ఆ పిల్లవాడు నాకే కనిపించాడు. వాడికి ఒక పేరు కూడా తట్టింది. తిప్పన్న. పుట్టిన పిల్లలు దక్కనివాళ్ళు బిడ్డను చేటలో వేసి చెత్త తిప్ప మీద దొర్లించి తెచ్చుకుని, ఇక చావు కన్ను పడకూడదని పెట్టుకునే పేరు అది. ఈ కాలంలో ఎవరూ పెట్టరు. ఆ పేరు మాత్రం పైకి అనలేదు. అనలేదనే అనుకుంటున్నాను.

ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. మేమందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు పేరేసంద్ర దాకా పోయింది, జంగమకోటె దాకా పోయింది, పోయినచోటల్లా నవ్వు రాలిపోయి పిల్లవాడు మాత్రం మిగిలాడు. మూడేళ్ళు ఆ ఇంటి తాళం తీసినవాడు లేడు. ఒకరోజు నారాయణప్ప వచ్చాడు. గడప దాటలేదు. "చెరిపింది నువ్వు. బాగు చేసేదీ నువ్వే" అన్నాడు. అంతే. ఆ తరవాత నాతో మాట మానేశాడు.

ఒకటి మాత్రం నారాయణప్పకు తెలియదు. ఆ మూడేళ్ళలో నాకు భయం పట్టుకుంది. నేను పుట్టించినదే కదా, దానికి నేను భయపడటమేమిటి? మధ్యాహ్నం సందంతా సద్దుమణిగాక, ఎదురింటి కిటికీ వైపు చూపు పోకుండా తల వంచుకుని పూలు కట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ వేళకు నా కిటికీ మూసేయడం మొదలుపెట్టాను. ఎండ కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. మూసిన తరవాత వినేవాణ్ణి. ఏమీ వినపడేది కాదు. వినపడకపోవడం ఇంకా బాగుండేది కాదు. వినపడనంత మాత్రాన లేనట్టేనా?

మా వరుసలోనే రెండిళ్ళ అవతల ఒక గదిలో మంజునాథ, సుజాత బాడుగకుండేవాళ్ళు. అతనిది బాగేపల్లి, పట్టుగూళ్ళ మార్కెట్లో గుమాస్తా. ఆమెది చింతామణి, ఇంట్లో రవికెలు కుట్టేది. ఐదేళ్ళ కూతురు కీర్తన. మా ఊరు జిల్లా అయిన ఏడాది అది. ఇళ్ళ ధరలు నెల నెలకూ ఎక్కుతున్నాయి. ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేమని మంజునాథ భయం. చిన్నప్పుడు అతని తల్లి వంటసామాను నెత్తిన పెట్టుకుని ఏడు బాడుగ ఇళ్ళు తిరిగిందట. సుజాతకు ఇంకో బిడ్డ కావాలి. కీర్తన రోజంతా గోడతో మాట్లాడుకుంటుందని ఆమె బాధ. బిడ్డను కంటే కుట్టుపని ఆగిపోతుంది, ఒకరి సంపాదనతో అప్పు తీరదు. ఇల్లు కొంటే ఆ అప్పు తీరేసరికి ఆమెకు కనే వయసు దాటిపోతుంది. రెండూ జరిగే దారి లేదు. ఉన్నదంతా ఊడ్చి అప్పు కలిపితే వాళ్ళకు అందే ఇల్లు ఆ సందులో ఒక్కటే. నా నోటి పుణ్యమా అని ధర పడిపోయిన ఇల్లు.

ఆరునెలలు వాదించుకున్నారు. తేలలేదు. పువ్వు అడుగుదామనుకున్నారు.

మావైపు మనుషుల మధ్య తెగనిది ఏదైనా ఉంటే అమ్మవారిని పువ్వు అడుగుతారు. సందు చివర గంగమ్మ గుడి ఉంది. నల్లరాతి విగ్రహం, చిన్నపిల్ల ఎత్తు. రెండు భుజాల మీదా నీళ్ళలో తడిపిన పువ్వు ఒక్కొక్కటి అంటిస్తారు. ఏ పక్కది ముందు పడితే అదే జవాబు. పూజారికి చూపు తగ్గినప్పటి నుంచి పూలు పెట్టేది నేనే. అమ్మవారి పక్కనే, రాతిని ఆనుకుని నిలబడేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు.

"బిడ్డయితే కుడి, ఇల్లయితే ఎడమ. సరేనా?" అన్నాడు మంజునాథ.

"కుడి పక్క నువ్వే ఇచ్చినావే. నీ మనసులోనూ బిడ్డే ఉండాదేమో" అంది సుజాత.

"ఉండనీ. ఆ రూములో ఇంకో ఉయ్యాల యాడ కడతావు? నా మెడకా?"

"కడతా. ఖాళీగానే ఉండాది కదా."

"గుళ్ళో నగాటం ఏందమ్మా, అడిగేది అడగండి" అన్నాడు పూజారి, తనూ నవ్వాపుకుంటూ. కీర్తన తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, తమ్ముడు ఏ పక్క?" అని అడిగింది. సుజాత పిల్ల గడ్డం పట్టుకుని అమ్మవారి కుడివైపుకు తిప్పి చూపించింది. "ఆ పక్క. కండ్లు మూసుకొని మొక్కుకో."

అప్పటికే నేను పని కానిచ్చాను. ఎడమ పువ్వుకు ఉత్త నీళ్ళు. కుడి పువ్వు తొడిమకు బెల్లం పాకం. నలభై ఏళ్ళ చెయ్యి నాది, ఏ పువ్వు ఎంతసేపు పట్టుకుంటుందో నాకు తెలుసు. పూజారికి కనపడదు. వాళ్ళు మొక్కుకుంటున్నారు. హారతి తిరుగుతుండగా ఎడమ పువ్వు జారి అమ్మవారి పాదాల దగ్గర పడింది. ఎడమంటే ఇల్లు. సుజాత ఆ పువ్వును రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది. అద్దుకున్న చేతులు చాలాసేపు దించలేదు.

నేను అలా ఎందుకు చేశాను? నారాయణప్ప మళ్ళీ నాతో మాట్లాడతాడని. అది నిజమే. కానీ దానికంటే నిజం ఇంకోటుంది. నా కిటికీ ఎదుట ఒక మామూలు సంసారం ఉండాలి. మధ్యాహ్నం కుక్కరు కూత వినపడాలి, కుట్టుమిషను చప్పుడు వినపడాలి. వెనకగదిలో ఉన్నవాడి మీద ముగ్గురు మనుషుల అలికిడి కప్పేయాలి. నా భయానికి మూతగా ఒక కుటుంబాన్ని తెచ్చి పెట్టుకున్నాను.

ఇంతవరకు తుంటరితనమే అనుకోండి. తరవాతిది కాదు.

నాలుగు రోజుల తరవాత సుజాత ఒక్కతే వచ్చింది. నేను అరుగు మీద దారం విప్పుకుంటున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు, గడప దగ్గర నిలబడింది.

"తాతా, ఒక మాట అడుగుదామని వచ్చినా."

"అడుగు తల్లీ."

"పొద్దున గుడికి పోయింటి. అమ్మ కుడి భుజం మీద చీమలు పట్టినాయి. గీత గీసినట్ట ఎక్కతాండాయి. ఎడమ పక్క ఒక్కటి కూడా లేదు."

నా వేలి చుట్టూ దారం బిగుసుకుంది. "పంచామృతం చిందుంటాది. పూజారికి కండ్లు కనపడవు కదా."

"అట్లనా?"

"అట్లనే."

ఆమె కాసేపు ఎదురింటి తాళం వైపు చూసింది. "ఎల్లుండి ఇంక పిల్లలు కాకుండా ఆపరేషనుకు రమ్మన్నారు. అది చేసుకుంటే ఇంక మనసు ఊగదంట, ఆయన అంటాండాడు. నిజమే. నాకి ఊగతానే ఉండాది. తాతా, ఇంకొకసారి పువ్వు అడగొచ్చా? ఆయనకు చెప్పను. నువ్వూ నేనే."

"ఒకసారి చెప్పినాక మళ్ళీ అడగకూడదమ్మా. అమ్మకు కోపమొస్తాది."

"కోపమొస్తే ఏం చేస్తాది?"

"ఉన్న బిడ్డ మీదికి వస్తాది."

అలాంటి నియమం ఏదీ లేదు. ఆ గుళ్ళో ఒకే మాటకు మూడుసార్లు పువ్వు అడిగినవాళ్ళున్నారు. ఐదుసార్లు అడిగిన ఘనుడు ఒకడున్నాడు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నేను చాలాసార్లు ఆలోచించాను. అలవాటున పెంచానా? అలవాటున పెంచితే చిరుతపులి వస్తుంది, ఏనుగు వస్తుంది. ఆమె ఒళ్ళో ఉన్న బిడ్డ ఎందుకు రావాలి? ఏ మాట అంటే ఆమె ఇంకో ప్రశ్న వెయ్యదో వెతుక్కుని, ఏరుకుని, ఆ మాటే అన్నాను. ఆమె ముఖం ఎలా అయిందో చూశాను. ఇంట్లో దీపం ఆర్పితే ఎలా ఉంటుందో అలా. "వద్దులే తాతా" అంది. ఒక మూర పూలు అడిగి తీసుకుని, తలలో పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషను అయింది. నెల తిరగకుండా ఇల్లు రిజిస్టరయింది. గృహప్రవేశానికి నారాయణప్ప చింతామణి నుంచి వచ్చి, "పోనీలేప్పా, చేసినావు" అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. తలుపులకు దండలన్నీ నేనే కట్టాను. మధ్యాహ్నం కుక్కరు కూత వినపడింది. మిషను చప్పుడు వినపడింది. కిటికీ తెరిచాను.

రెండు వారాలు బాగుంది.

ఒక మధ్యాహ్నం పూలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. సుజాత వంటింట్లో ఉంది. కీర్తన స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టుకుని, చిందకుండా రెండు చేతులా పట్టుకుని, వెనకగది గడప మీద పెట్టింది. పెట్టి, కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

"నీళ్ళు ఎవరికి పాపా?"

"తమ్మునికి."

"నీకు తమ్ముడు యాడుండాడు?"

"లోపల." నా వైపు చూడకుండానే చెప్పింది. "తిప్పన్న."

నా చేతిలో పూలపొట్లం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. ఆ పేరు ఆ పిల్లకు ఎవరు చెప్పారు? నేనే ఎప్పుడో నోరు జారి ఉంటాను. ఎవరో విని ఉంటారు, ఆ పిల్ల చెవిన పడి ఉంటుంది. ఆ సాయంత్రమే టీ అంగడికి వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగాను. నీళ్ళడిగే పిల్లోడి కథ అందరికీ గుర్తుంది. పేరు ఒక్కరికీ తెలియదు. "వానికి పేరుగూడా ఉండాదా? ఇన్నేండ్లు దాచిపెట్టినావే" అని నవ్వారు. రాత్రీ పగలూ అబద్ధాలు చెప్పేవాడికి ఇదే శిక్షేమో. తాను ఏది అన్నాడో ఏది అనలేదో తనకే తెలియకుండా పోతుంది.

ఆ రోజు సంగతి ఇంకా పూర్తి కాలేదు. మా మాటలు విని సుజాత వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పిల్లను కసురుతుందనుకున్నాను. కసరలేదు. వెనకగదిలోకి ఒకసారి చూసింది. అక్కడ బియ్యం మూట, మడిచిన చాప, గోడకు ఎండ. నేల మీద గడప దగ్గర తడి ఉంది. పిల్ల చేతిలో గ్లాసు ఒలికిన తడే అయ్యుండాలి.

"తాగినాక గ్లాసు కడిగి పెట్టు కీర్తనా" అంది. నాతో మాత్రం, "పూలు తెచ్చినారా తాతా" అంది. ఆమె నవ్వలేదు. పిల్ల ఆటలో చేరిన తల్లి ముఖం అలా ఉండదు.

కీర్తన పెద్దదైంది. హైస్కూలుకు పోయింది, కాలేజీకి పోయింది. నీళ్ళ గ్లాసు ఆట ఏడేళ్ళ వయసులోనే మానేసింది. గ్లాసు మాత్రం మానలేదు. మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగుతుంది. నా కిటికీలోంచి చూస్తే సుజాత వెనకగది వైపు నడిచి, వంగి, లేచి, వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంటుంది. మంజునాథకు తెలుసో లేదో నాకు తెలియదు. ఇల్లు సొంతమైంది, గోడలకు నీలం రంగు వేశాడు. అతను మంచివాడు. ఆమె రోజూ నన్ను చూసి "తిన్నారా తాతా" అని అడుగుతుంది. తిన్నానంటాను. ఈ ఒక్క మాట తప్ప ఆమెతో నేను నిజం చెప్పింది లేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. నిన్న ఇక్కడిదాకా రాసి కాగితం మడిచేశాను కూడా. కానీ పెంచినచోట దించుతానని మీతో అన్నాను. బెల్లం పాకం దగ్గర పెంచాను. నలభై ఏళ్ళ చెయ్యి, ఏ పువ్వు ఎంతసేపు ఉంటుందో తెలుసు అని గొప్పగా రాశాను కదా. మోసం ఒప్పుకుంటూ కూడా ఆ మోసంలో నా పనితనం మీకు చూపించుకున్నాను.

పాకం పెట్టిన మాట నిజం. అది పట్టలేదు.

హారతి తిరుగుతోంది. పూజారి గంట కొడుతున్నాడు. ఎడమ పువ్వు కదల్లేదు. ఉత్త నీళ్ళతో అంటించినది రాతికి అతుక్కుని అలాగే ఉంది. కుడి పువ్వు, పాకంతో అంటించినది, ఊడింది. గాలి లేదు. నేను చూస్తుండగా అమ్మవారి కుడి భుజం మీద నుంచి జారి కిందికి వచ్చింది. కింద నా చెయ్యి ఉంది. అరచేతిలో పడింది. పిడికిలి మూశాను. రెండో చేతి చూపుడువేలితో ఎడమ పువ్వును గీరాను. అది పడింది. పిడికిలి వీపు వెనక్కి పెట్టుకున్నాను.

మంజునాథ కళ్ళు మూసుకుని ఉన్నాడు. సుజాత కళ్ళు మూసుకుని ఉంది. కీర్తన మూసుకోలేదు. తల్లి తిప్పి చూపించిన వైపే చూస్తూ ఉంది. తమ్ముడు ఆ పక్కనుంచి వస్తాడని చెప్పారు, వాడు రావడం ఆ పిల్ల చూసింది. నా పిడికిలి మూసుకోవడం కూడా చూసింది. అప్పుడేమీ అనలేదు. ఈ రోజు వరకు అనలేదు. అది చూసిన పిల్లకు తమ్ముడు లేడని ఎవరు నచ్చజెప్పగలరు?

అది అమ్మవారి మాటేనా, పాకం సరిగా ఆరకపోవడమా, నాకు తెలియదు. నాకు తెలియాల్సిన పని లేదు. అడిగింది నేను కాదు. అడిగినామె కళ్ళు తెరిచేలోపు ఆమెకు రావాల్సిన జవాబును నేను తీసేసుకున్నాను. నాలుగు రోజులకు ఆమె మళ్ళీ అడగడానికి వస్తే, ఉన్న బిడ్డను చూపించి బెదిరించి పంపించాను.

కుడి పువ్వే ముందు పడింది.

ఈ మాట ఇంతవరకు నోటితో అనలేదు, మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. రాసి చూస్తే నాలుగు మాటలు. ఆమె నా గడపలో నిలబడినప్పుడు చెప్పడానికి ఒక్క ఊపిరి చాలేది. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. అడగాల్సినామె ఎదురింట్లో మిషను కుడుతోంది, ఆ చప్పుడు వింటూనే రాస్తున్నాను. ఆమెకు చెబుతానో లేదో కూడా మీకు మాట ఇవ్వలేను. ఇచ్చినా మీరు నమ్మకూడదు. ఒక మనిషికి చెప్పాను. ఈ రోజుకు నా చేతనైంది ఇంతే.